ఇంట్లో ఫిల్మ్ కడిగితే ఎంత పడుతుంది?

చెన్నైలో తెలుగు ఫొటోగ్రాఫర్ల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఇవాళ మాట్లాడేది డబ్బు గురించి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఇంట్లోనే కడుక్కుందామనుకునే ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే: "రోల్‌కి ఎంత పడుతుందండీ?" జవాబు చిన్నదే. కెమికల్స్‌కి 35 రూపాయలు. కానీ ఆ 35 ఎలా తేలింది, ఎప్పుడు అది వంద దాటుతుంది, ఎక్కడ పది రూపాయలు మిగుల్చుకోబోయి 800 పెట్టి కొన్న రోల్ పోగొట్టుకుంటాం, ఇవి చెప్పడానికి కాస్త టైము కావాలి.

ముందే ఒక మాట. నేను చెప్పే ధరలు లెక్క కోసం పెట్టుకున్న ఉజ్జాయింపు అంకెలు. ఇక్కడి పారీస్ కార్నర్ దగ్గర కెమికల్ షాపులో ఒక రేటు ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఇంకో రేటు ఉంటుంది. మీ బిల్లులో ఉన్నది వేసుకోండి. గ్రాములు, మిల్లీలీటర్లు మాత్రం మారవు.

డెవలపర్‌తో, అంటే ఫిల్మ్ మీద పడ్డ బొమ్మని కనపడేలా చేసే ద్రావణంతో మొదలుపెడదాం. డి-76 అనేది కొడాక్ వాళ్లు 1927లో తెచ్చిన ఫార్ములా. ఇల్‌ఫర్డ్ ఐడీ-11 కూడా దాదాపు అదే. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే మన వెలిగారమే. గ్రాముకి మెటాల్ 6 రూపాయలు, హైడ్రోక్వినోన్ 3 రూపాయలు, సల్ఫైట్ 60 పైసలు, వెలిగారం 50 పైసలు అనుకుందాం. మెటాల్‌కి 12, హైడ్రోక్వినోన్‌కి 15, వెలిగారానికి 1, సల్ఫైట్‌కి 60. మొత్తం 88 రూపాయలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అందరూ మెటాల్ ఖరీదు చూసి బెదిరిపోతారు. తీరా చూస్తే బిల్లులో మూడింట రెండొంతులు తింటున్నది గ్రాము 60 పైసల సల్ఫైట్. అందుకని బేరమాడాల్సింది సల్ఫైట్ దగ్గర. 500 గ్రాముల డబ్బా కాకుండా పెద్ద ప్యాక్ తీసుకుంటే గ్రాము ధర బాగా తగ్గుతుంది. అయితే చెన్నై గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మూత సరిగ్గా పెట్టకపోతే సల్ఫైట్ గడ్డకట్టడమే కాదు, గాలి తగిలి మెల్లగా సల్ఫేట్‌గా మారిపోతుంది. చూడ్డానికి అదే తెల్ల పొడి, పని మాత్రం చేయదు. పెద్ద ప్యాక్ కొంటే, ఇంటికి రాగానే 100 గ్రాముల చొప్పున తూచి జిప్ కవర్లలో కట్టేయండి.

కొనేటప్పుడు పేరు కాగితం మీద రాసి ఇవ్వండి. సల్ఫైట్, సల్ఫేట్, సల్ఫైడ్ మూడూ కౌంటర్ అవతల ఒక్కలాగే వినిపిస్తాయి. సల్ఫేట్ ఇచ్చారంటే డెవలపర్ కాపాడేవాడు లేక గోధుమ రంగు తిరిగి చచ్చిపోతుంది. సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, విషం కూడా, ఇంట్లోకే తేకూడదు. సీసా మీద అన్‌హైడ్రస్ అన్న మాట ఉందో లేదో కూడా చూడండి. నీటి స్ఫటికాలున్న రకమైతే 100 గ్రాములు వేసినా అందులో సగం నీళ్లే.

కలిపే వరస ముఖ్యం. 750 మి.లీ. నీళ్లు 50 డిగ్రీల దాకా వేడిచేయండి. చిటికెడు సల్ఫైట్ వేయండి. అది నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. తరవాత మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్. ఎందుకంటే చిక్కటి సల్ఫైట్ నీళ్లలో మెటాల్ కరగదు, తెల్లటి తరకలుగా తేలుతూ ఉండిపోతుంది. ఆ తరవాత హైడ్రోక్వినోన్, వెలిగారం. చివర చన్నీళ్లు పోసి లీటరు చేసి, రాత్రంతా వదిలేసి పొద్దున వాడుకోండి. మెటాల్ చర్మానికి పడదు. చేతులకు గ్లవ్స్, పొడి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఫ్యాన్ ఆపేయండి.

తూకం కాటా 0.1 గ్రాము చూపించేది కావాలి. వంటింటి కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది. 2 గ్రాముల మెటాల్‌లో ఒక గ్రాము తేడా అంటే సగానికి సగం తప్పినట్టు. అంత సున్నితమైన కాటా లేనివాళ్లు డి-23 చేసుకోవచ్చు. మెటాల్ 7.5, సల్ఫైట్ 100, అంతే, రెండే దినుసులు. లీటరుకి 105 రూపాయలవుతుంది. తేడా రోల్‌కి మూడు రూపాయలు కూడా ఉండదు. కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు రోల్ లెక్క. పాటర్సన్ ట్యాంకులో, అంటే ఫిల్మ్ పెట్టి కడిగే వెలుతురు చొరని డబ్బాలో, ఒక 35 ఎం.ఎం. రోల్‌కి 290 మి.లీ. కావాలి, 120 అనే వెడల్పు రోల్‌కి 500. మనం 300 వేసుకుందాం. డి-76ని సమపాళ్లలో నీళ్లు కలిపి వాడి పారబోస్తాం. అంటే రోల్‌కి 150 మి.లీ. స్టాక్ (నీళ్లు కలపని డెవలపర్). లీటరులో ఆరు రోల్స్, రోల్‌కి 15 రూపాయలు. కొడాక్ అసలు చెప్పేది ఈ పాళ్లలో 36 ఫ్రేముల రోల్‌కి దాదాపు అర లీటరు ద్రావణం వాడమని. చిన్న ట్యాంకులో తక్కువ పోస్తే టైము 10 శాతం పెంచమంటుంది. ఆ పది శాతం మరిచిపోయి నెగెటివ్‌లు పలచగా వచ్చాయని ఫిల్మ్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది.

డెవలపర్ పనిని ఆపేసే స్టాప్ బాత్‌కి సిట్రిక్ యాసిడ్, లీటరుకి 15 గ్రాములు. కేక్ సామాన్లు అమ్మే షాపులో కూడా దొరుకుతుంది. రోల్‌కి రెండు రూపాయలు. మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగినా సరిపోతుంది, కానీ డెవలపర్ ఆ తరవాతి ఫిక్సర్‌లోకి (బొమ్మని వెలుతురుకి చెడకుండా నిలబెట్టే ద్రావణం) పోయి దాని ఆయుష్షు తగ్గిస్తుంది.

ఫిక్సర్ దగ్గర కాస్త ఎక్కువ సేపు నిలబడాలి. మూడొంతుల నష్టాలు జరిగేది ఇక్కడే.

పాత పద్ధతి హైపో. సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు 240 గ్రాములు, సల్ఫైట్ 10, సోడియం మెటాబైసల్ఫైట్ 25, లీటరు నీళ్లు. కొడాక్ ఎఫ్-24 ఇదే. హైపో కరుగుతుంటే నీళ్లు బాగా చల్లబడతాయి, అందుకే వేడినీళ్లతో మొదలుపెట్టాలి. చల్లారాకే మెటాబైసల్ఫైట్ వేయాలి, సల్ఫైట్ ముందే కరిగి ఉండాలి. వరస తప్పితే ఆమ్లం తగిలి హైపో విరిగి, ద్రావణం పాలలా తెల్లబడుతుంది. అది గంధకం. ఇక పనికిరాదు. హైపో కొనడానికి కెమికల్ షాపుకే పోనక్కర్లేదు. అక్వేరియం నీళ్లలో క్లోరిన్ పోగొట్టడానికి వాడేదీ ఇదే. కొళత్తూరు చేపల బజారులో అడిగి చూడండి. ఫిక్సర్‌కి ఆ మాత్రం శుద్ధి చాలు.

ఖర్చు లీటరుకి సుమారు 80, పది రోల్స్ వస్తాయి, రోల్‌కి 8 రూపాయలు. రెండో దారి, అమోనియం థయోసల్ఫేట్‌తో చేసిన ర్యాపిడ్ ఫిక్సర్. ఇల్‌ఫర్డ్ ర్యాపిడ్ ఫిక్సర్ ఒకటికి నాలుగు పాళ్ల నీళ్లు కలిపితే లీటరుకి 24 రోల్స్ అని కంపెనీయే చెబుతుంది. లీటరు కాన్సంట్రేట్ 1,200 అనుకుంటే అయిదు లీటర్ల ద్రావణం, 120 రోల్స్, రోల్‌కి 10 రూపాయలు. తేడా రెండు రూపాయలు! హైపోలో పది నిమిషాలు పట్టే పని ఇందులో నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. టీ-మ్యాక్స్, డెల్టా లాంటి ఫిల్ములు హైపోలో చాలా నెమ్మదిగా ఫిక్స్ అవుతాయి. నెలకి నాలుగైదు రోల్స్ తీసేవాళ్లు కళ్లు మూసుకుని ర్యాపిడ్ ఫిక్సర్ కొనండి. తక్కువ తీసేవాళ్లకి మాత్రం ఆ సీసా అయిపోయేలోపే అడుగున గంధకం పేరుకుంటుంది. వాళ్లకి హైపో మేలు, అర లీటరు చొప్పున కలుపుకోవచ్చు.

ఏది వాడినా పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. లోడ్ చేసే ముందు డబ్బా బయటికి ఉన్న ఫిల్మ్ నాలుక ముక్క కత్తిరిస్తాం కదా, దాన్ని పారేయకండి. వెలుతురులోనే ఒక చుక్క ఫిక్సర్ దాని మధ్యలో వేసి అరనిమిషం ఆగండి. తరవాత ముక్కంతా ఫిక్సర్‌లో ముంచండి. మొదట వేసిన చుక్క చోటు గుండ్రంగా తేటగా కనిపిస్తుంది, చుట్టూ పాలమీగడ రంగు. ఆ రెండూ కలిసిపోయి గుండ్రం కనపడకుండా పోయే క్షణం దాకా టైము చూడండి. అది క్లియరింగ్ టైము. ఫిక్సింగ్ దానికి రెండింతలు, టీ-మ్యాక్స్, డెల్టాలకి మూడింతలు. కొత్త ఫిక్సర్‌తో వచ్చిన టైము సీసా మీద రాసిపెట్టుకోండి. అది రెట్టింపు అయిన రోజు ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టే. "ఇంకో రెండు రోల్స్ లాగుదాం" అనిపిస్తుంది. లాగితే మిగిలేది 16 రూపాయలు. దానికి బదులు నెగెటివ్ మీద ఊదారంగు పొర ఉండిపోతుంది, మబ్బు కమ్మినట్టు. వెంటనే గమనిస్తే కొత్త ఫిక్సర్‌లో మళ్లీ వేసి కాపాడుకోవచ్చు. గమనించకుండా ఫైల్లో పెట్టేస్తే కొన్నేళ్లకి గోధుమ మచ్చలు తేలతాయి, అప్పుడు చేసేదేం లేదు.

పాత ఫార్ములాల్లో ఫిక్సర్‌లో పటిక వేసేవాళ్లు, వేడి నీళ్లకి జెలటిన్ మెత్తబడకుండా. ఇప్పటి ఫిల్ములకి ఆ అవసరం లేదు. పటిక వేస్తే కడగడానికి నీళ్లు, టైము రెండూ ఎక్కువ కావాలి.

కడగడం అంటే కుళాయి కింద అరగంట పెట్టడం కాదు. ఇల్‌ఫర్డ్ పద్ధతి: ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులుగా తిప్పి పారబోయండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. లీటరు నీళ్లు కూడా పట్టవు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఆఖరి ముంపుకి మాత్రం బోరు నీళ్లు వాడకండి. ఆరాక సున్నం మరకలు ఫ్రేముల మీద తెల్లగా మిగులుతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ 300 మి.లీ., అందులో నీటి బొట్లు నిలవకుండా చుక్క వెట్టింగ్ ఏజెంట్. డెవలపర్ కలపడానికి 20 లీటర్ల క్యాన్ నీళ్లు సరిపోతాయి. నీళ్లన్నిటికీ కలిపి రోల్‌కి 8 రూపాయలు వేద్దాం.

15, 2, 8, 8. మొత్తం 33. రెండు రూపాయలు చేర్చి 35 అనుకుందాం.

మరి వంద ఎప్పుడవుతుంది? వాడకుండా పారబోసినప్పుడు. డి-76 స్టాక్ అంచుదాకా నింపి మూత బిగించిన సీసాలో ఆరు నెలలు ఉంటుంది. సగం ఖాళీ సీసాలో రెండు నెలలే. నెలకి ఒక్క రోల్ తీసేవాళ్లు లీటరు కలిపి ఒకే సీసాలో పెడితే రెండు రోల్స్ అయ్యేసరికి మిగతాది అనుమానంలో పడుతుంది. అప్పుడు డెవలపర్‌కే రోల్‌కి 15 కాదు, 44. ఒక్క రోలే కడిగి మిగతాది పారబోస్తే 88, మిగతా ఖర్చులు కలిపితే వంద దాటినట్టే. అందుకే కలిపిన రోజే ఆరు చిన్న సీసాల్లో అంచుదాకా పోసి, ఒక్కో రోల్‌కి ఒక్కో సీసా విప్పండి. సీసా మీద పేరు, తేదీ పెద్ద అక్షరాలతో రాయండి. కూల్‌డ్రింక్ సీసాలు వద్దు, ఇంట్లో పిల్లలుంటారు. ఇంకా తక్కువ తీసేవాళ్లకి రోడినాల్ ఉంది. 1891 నాటి ఫార్ములా, సీసా విప్పినా ఏళ్లతరబడి పాడవదు. ఒకటికి 50 కలిపితే 300 మి.లీ.కి 6 మి.లీ. చాలు. అర లీటరు సీసా 80 రోల్స్ దాటి వస్తుంది. 400 స్పీడు ఫిల్మ్ మీద గ్రెయిన్ (బొమ్మలోని రేణువులు) ఉప్పురవ్వలా కనిపిస్తుంది, అది ఇష్టమైతేనే.

ఇక మన ఊరి ఎండ. పుస్తకాల్లో అన్ని టైములూ 20 డిగ్రీలకి రాసి ఉంటాయి. మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్లు 35 దాటే ఉంటాయి. 20కి దింపాలని ఐసుతో కుస్తీ పట్టకండి. 24 దగ్గర నిలపండి. హెచ్‌పి5 ప్లస్ అనే ఫిల్మ్‌కి సమపాళ్ల ఐడీ-11లో 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9. నీళ్లు కలపని స్టాక్‌లో అయితే 20 దగ్గరే ఏడున్నర, 24 దగ్గర అయిదు చిల్లర. అయిదు నిమిషాల కన్నా తక్కువైతే డెవలపర్ పోయడంలో జరిగే అయిదారు సెకన్ల ఆలస్యం కూడా ఆకాశంలో చారలుగా కనిపిస్తుంది. కాబట్టి వేడి ఊళ్లో నీళ్లు కలిపి వాడటం పొదుపు మాత్రమే కాదు, సురక్షితం కూడా. లీటరు నీళ్ల సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, ప్లాస్టిక్ టబ్బు నీళ్లలో పెట్టండి. డెవలపర్, స్టాప్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ అదే టబ్బులో నిలబెట్టండి. డెవలపర్ 24, కడిగే నీళ్లు 34 ఉంటే జెలటిన్ ముడతలు పడే ప్రమాదం ఉంది. అన్నీ అయిదు డిగ్రీల లోపు తేడాలో ఉండాలి.

తేమ ఇంకో గొడవ. ఫిల్మ్ లోడ్ చేయడానికి వెలుతురు చొరని చేంజింగ్ బ్యాగ్‌లో చేతులు పెట్టిన అయిదు నిమిషాలకి చెమట పడుతుంది. బ్యాగ్ లోపల ఆవిరి. ఫిల్మ్ చుట్టే ప్లాస్టిక్ స్పైరల్ అంచు చెమ్మగిలితే ఫిల్మ్ సగం దాకా ఎక్కి అక్కడే బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా తోస్తే ఫిల్మ్ మడత పడుతుంది, ప్రతి మడతా నెగెటివ్ మీద నెలవంక ఆకారంలో నల్ల గీత. ముందురోజే స్పైరల్స్ బాగా ఆరబెట్టండి, ఏసీ గదిలో తెల్లవారుజామున లోడ్ చేయండి, ఫిల్మ్ కొస రెండు మూలలూ గుండ్రంగా కత్తిరించండి. బిగుసుకుంటే ఫిల్మ్‌ని ట్యాంకులో వదిలి మూత పెట్టి, చేతులు బయటకు తీసి తుడుచుకుని పది నిమిషాల తరవాత మళ్లీ మొదలుపెట్టండి. తొందరపడి లాభం లేదు.

ఫిల్మ్ పూర్తిగా తేటగా, ఖాళీగా వస్తే కంగారు పడే ముందు అంచు చూడండి. అంచున కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు నల్లగా ఉంటే డెవలపర్ బాగానే పనిచేసింది, కెమెరాలో ఫిల్మ్ కదలలేదు. అంకెలు కూడా లేకపోతే డెవలపర్ చచ్చిపోయింది, లేదా ముందు ఫిక్సర్ పోశారు.

సామాన్ల లెక్క క్లుప్తంగా. ట్యాంకు, స్పైరల్స్, చేంజింగ్ బ్యాగ్, థర్మామీటర్, కాటా, కొలత జార్‌లు కలిపి 8,000 అనుకోండి. ల్యాబ్ రోల్‌కి 300, పంపడానికి 100 అయితే, ఇంట్లో రోల్‌కి మిగిలేది 365. అంటే 22 రోల్స్‌కి పెట్టుబడి తిరిగొస్తుంది. ఏడాదికి అయిదు రోల్స్ తీసేవాళ్లకి నాలుగేళ్లు పైనే. డబ్బు కోసమే అయితే వాళ్లు ల్యాబ్‌కి ఇచ్చుకోవడమే మంచిది, ఇందులో మొహమాటం లేదు.

నిజంగా డబ్బు మిగిలే చోటు ఫిల్మే. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఇందు పేరుతో ఫిల్మ్ తయారుచేసేది. అది మూతపడ్డాక మనకి దిగుమతి సరుకే గతి. వంద అడుగుల డబ్బా, అంటే 30.5 మీటర్లు కొని సొంతంగా కాట్రిడ్జ్‌లు నింపుకుంటే 36 ఫ్రేములవి 18 రోల్స్ వస్తాయి. డబ్బా 9,000 పడితే రోల్ 500. విడిగా 800 అయితే రోల్‌కి 300 మిగులు. కెమికల్ ఖర్చంతా కలిపినా ఇందులో ఎనిమిదో వంతు కాదు. కాట్రిడ్జ్‌లు నింపే లోడర్ నోట్లో ఇసుక రేణువు చేరితే 18 రోల్స్‌కీ పొడుగునా గీతే, కాబట్టి నింపే ముందు బ్లోయర్‌తో ఊదండి. ప్రతి రోల్‌లో ఆఖరి ఫ్రేము వెలుతురు తగిలి పోతుంది, అక్కడ ముఖ్యమైన బొమ్మ తీయకండి.

ప్రశ్న: కాఫీతో డెవలప్ చేస్తే ఇంకా చౌక కదండీ?

కాదమ్మా. 1995లో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ క్లాసులో బయటపడిన పద్ధతి అది. లీటరుకి ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రాములు, విటమిన్ సి 16, నీరు లేని ఉతికే సోడా 54. 300 మి.లీ.కి కాఫీ 12 గ్రాములు. గ్రాము మూడు రూపాయలనుకున్నా కాఫీకే 36, మొత్తం 45 దాటుతుంది. డి-76కి మూడింతలు. స్ఫటికాల సోడా అయితే 54 బదులు 146 గ్రాములు వేయాలి, చాలామంది ఇక్కడే తప్పుతారు. పైగా మన దగ్గర చాలా పొడుల్లో చికోరీ ఉంటుంది, బ్రాండు మారితే బలం మారుతుంది. మెటాల్ దొరకనప్పుడు, పిల్లలకి చూపించాలనుకున్నప్పుడు చేయండి. మంచి పద్ధతే, చౌకది మాత్రం కాదు.

ప్రశ్న: వాడేసిన ఫిక్సర్ ఏం చేయాలి సార్?

డెవలపర్, స్టాప్ బాగా నీళ్లు కలిపి మురుగులో పోయొచ్చు. ఫిక్సర్ అలా పోయకూడదు, అందులో ఫిల్మ్ నుంచి కరిగిన వెండి ఉంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కూడబెట్టండి. అందులో గిన్నెలు తోమే ఉక్కు పీచు వేసి కొన్ని రోజులు ఉంచితే ఇనుము కరుగుతూ వెండి నల్లటి బురదలా అడుగున దిగుతుంది. ఆ బురదని విడిగా దాచండి. మూత వదులుగా పెట్టండి, బ్లీచింగ్ పౌడర్, బాత్రూం యాసిడ్ ఉండే అలమరలో మాత్రం పెట్టకండి. వాటితో కలిస్తే వచ్చే వాయువు ఊపిరాడనివ్వదు.